బాలాపూర్‌లో నాలుగు మగ్గాలు

మగ్గం వర్క్ నేర్చుకునేవాళ్లను ఏడిపించేది పై చెయ్యి కాదు, కింది చెయ్యి. గుడ్డ మగ్గం అనే చెక్క చట్రానికి డోలులా బిగించి ఉంటుంది. కుడిచేతిలోని ఆరి సూది పైనుంచి గుడ్డలోకి దిగుతుంది. ఎడమచెయ్యి గుడ్డ అడుగున దారం పట్టుకుని కాచుకుని ఉండాలి. సూది దిగిన చోటికి వెళ్లి దాని కొక్కేనికి దారం అందించాలి. సూది అర తిప్పు తిరిగి ఆ దారాన్ని ఉచ్చులా పైకి లాక్కొస్తుంది, మళ్లీ ఆ ఉచ్చులోంచే దిగుతుంది. ఒకదాంట్లో ఒకటి పడుతూ పోతే గొలుసు కుట్టు. అడుగున ఏం జరుగుతోందో కంటికి కనపడదు. వేళ్లకు తెలియాలంతే.

2018 జూన్‌లో హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఒక రేకుల గదిలో, బర్మా నుంచి వచ్చిన ఆరుగురు రోహింగ్యా ఆడవాళ్ల ముందు కూర్చుని ఇది చెప్పాల్సి వచ్చింది. అప్పటికి పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అయినా నోట్లోంచి ఒక్క మాట సరిగ్గా రాలేదు. చేతికి వచ్చిన పనిని మాటల్లో పెట్టడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. పైగా నాకు వచ్చిన హైదరాబాద్ హిందీ వాళ్లకు సగమే అర్థమవుతుంది, వాళ్ల భాష నాకు అసలే రాదు.

మాది మీర్‌పేట. ఇంటి ముందు గదిలోనే బొటిక్. బ్లౌజులు కుడతాం, మగ్గం వర్క్ చేస్తాం. మా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒక టీచరమ్మ సెలవు రోజుల్లో బాలాపూర్ వెళ్లి రోహింగ్యా క్యాంపుల్లో పిల్లలకు చదువు చెప్పేవారు. బాలాపూర్ అనగానే మనకు వినాయకుడి లడ్డూ వేలం గుర్తొస్తుంది. మా ఇంటినుంచి ఆటోలో పెద్ద దూరమేమీ కాదు. అయినా అక్కడి రాయల్ కాలనీ చుట్టుపక్కల బర్మా నుంచి వచ్చినవాళ్లు అన్ని వేల మంది బతుకుతున్నారని నాకు నిజంగా తెలియదు. "పిల్లల తల్లులకు మీ పని నేర్పకూడదా?" అని ఆవిడ రెండు మూడుసార్లు అడిగారు. చూద్దాంలెండి అని దాటేశాను. ఒక ఆదివారం ఊరికే రమ్మంటే వెళ్లాను.

వెదురు బొంగులు, ప్లైవుడ్ ముక్కలు, టార్పాలిన్లు, పాత సినిమా ఫ్లెక్సీలు కలిపి కట్టుకున్న గుడిసెలు. ఎవరిదో ఖాళీ ప్లాటు. ఆ స్థలానికి కూడా నెలనెలా అద్దె కట్టాలి. గుడిసెల మధ్య సందులో ప్లాస్టిక్ సీసాలు, అట్టలు, రాగి తీగలు గుట్టలుగా పోసి ఆడవాళ్లు వేరు చేస్తున్నారు. ఆ గుట్ట పక్కన కూర్చున్న ఒక అమ్మాయి బుగ్గలమీద గంధం పూసినట్టు గుండ్రంగా, పాలిపోయిన పసుపు రంగులో ఏదో ఉంది. దాన్ని చూసి నేను ఆగిపోయాను. అది తనాకా, బర్మాలో చెక్కను అరగదీసి ముఖానికి రాసుకునే పూత. మా అమ్మమ్మ రోజూ రాసుకునేది.

మా అమ్మమ్మ రంగూన్‌లో పుట్టింది. తాతయ్య అక్కడ ధాన్యం మిల్లులో పనిచేసేవాడు. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లు కాబట్టి మన తెలుగువాళ్లను బర్మావాళ్లు కోరంగీలు అనేవారట. 1962లో సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలు, వ్యాపారాలు ప్రభుత్వం తీసేసుకుంది, యాభై, వంద చాట్‌ల నోట్లు రద్దు చేసింది. మావాళ్లు ఓడెక్కి విశాఖపట్నం వచ్చేశారు. కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ పిలుస్తారే, అక్కడ మా అమ్మ పెరిగింది. అమ్మమ్మ తెచ్చుకున్న సామానులో ఒక తనాకా చెక్క ముక్క, దాన్ని అరగదీసే సానరాయి ఉండేవి. నేను చిన్నప్పుడు ఆ రాయిమీద నీళ్లు చిలకరించి అరగదీసేదాన్ని. క్యాంపులో ఒక పొరుగావిడ అమ్మమ్మను తన కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టి పని నేర్పిందట. ఆ మిషన్ పనే అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చింది. మగ్గం నేను సొంతంగా నేర్చుకున్నా, కుట్టుపని మా ఇంట్లోకి వచ్చింది మాత్రం ఆ పొరుగావిడ పుణ్యాన.

ఇక నేను వద్దని ఎలా అనగలను?

ఒక తేడా మాత్రం చెప్పాలి. అమ్మమ్మ వాళ్లు అన్నీ పోగొట్టుకుని వచ్చినా, వచ్చింది తమ దేశమనుకున్న దేశానికే. కాగితాలిచ్చారు, ఓటిచ్చారు. రోహింగ్యాలకు అది లేదు. 1982లో బర్మా తెచ్చిన పౌరసత్వ చట్టంతో వాళ్లు సొంత ఊళ్లోనే ఎవరికీ చెందనివాళ్లయ్యారు. 2012లో రఖైన్ రాష్ట్రంలో ఊళ్లు తగలబడ్డప్పుడు కొందరు బంగ్లాదేశ్ మీదుగా మన దేశం వచ్చారు. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ చేరారు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది 2012 తర్వాత వచ్చినవాళ్లు. శరణార్థుల గురించి 1951లో జరిగిన అంతర్జాతీయ ఒప్పందంమీద మన దేశం సంతకం చేయలేదు. వాళ్ల చేతిలో ఉండేది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఒక్కటే. ఆధార్ లేదు. ఆధార్ లేకపోతే బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, అద్దె ఇల్లు, ప్రతిదీ ఎంత కష్టమవుతుందో నేను వాళ్లతో తిరిగాకే చూశాను.

టీచరమ్మ, నేను, ఆవిడ స్నేహితులు ఇద్దరు కలిసి డబ్బులు వేసుకున్నాం. గది కోసం నెలరోజులు తిరిగాం. ఎవరికోసమో చెప్పగానే చాలామంది తలుపేసేశారు. చివరికి ఒక ముసలాయన నా పేరుమీద రాసుకుని రేకుల షెడ్డు ఇచ్చాడు. నాలుగు మగ్గాలు చేయించాం. ఒక్కో మగ్గానికి ఇద్దరు కూర్చోవచ్చు. బేగంబజార్ వెళ్లి సూదులు, సిల్క్ దారం, జరీ, చమ్కీలు, కట్‌దానా అనే సన్న గొట్టం పూసలు తెచ్చాను.

మూడు నెలలు ఉచితంగా నేర్పాలన్నది మా ప్లాన్. మొదటి రోజు ఆరుగురు వచ్చారు. మూడో రోజుకు ఇద్దరు మిగిలారు. నాకు చాలా బాధేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది. ఇంత కష్టపడి అన్నీ ఏర్పాటు చేస్తే రారేమిటని క్యాంపుకు వెళ్లాను. అందరూ ఖాలా అని పిలిచే ఒక పెద్దామె స్క్రాప్ వేరు చేస్తూనే నాతో మాట్లాడింది. రోజంతా ఇది చేస్తే నూటయాభై, బాగా దొరికిన రోజు రెండొందలు. "మీ దగ్గర కూర్చుంటే ఇవాళ్టి బియ్యం ఎవరు కొంటారు ఆపా?" అంది. ఆపా అంటే అక్క. అడిగిన తీరులో నిష్ఠూరం ఏమీ లేదు. నిజంగానే నేనేమైనా దారి చూపిస్తానేమో అన్నట్టు అడిగింది.

నేర్చుకోవడం కూడా పనేనని, దానికీ కూలి ఇవ్వాలని నాకు ముందే తట్టి ఉండాల్సింది. మళ్లీ డబ్బులు పోగేసి, రోజుకు మూడు గంటలు వస్తే 120 రూపాయలు ఇస్తామని చెప్పాం. మిగతా పూట వాళ్ల పని వాళ్లు చేసుకోవచ్చు. ఆ మరుసటి వారం ఎనిమిది మంది వచ్చారు. ఇలాంటి శిక్షణ పెట్టాలనుకునే వాళ్లెవరైనా నన్నడిగితే ముందు ఈ మాటే చెప్తాను. సర్టిఫికెట్లు, ఫొటోలు, ప్రారంభోత్సవాలు తర్వాత చూసుకోవచ్చు. మొదటి రోజునుంచి చేతికి కూలి రావాలి.

అప్పుడు అసలు పని మొదలైంది. స్క్రాప్‌లో పనిచేసిన చేతులు అవి. వేళ్ల చివర్లు పగిలి, గరుకుగా ఉండేవి. సిల్క్ దారం పట్టుకోగానే ఆ పగుళ్లకు తగులుకుని పోగులు లేచేది. ఒకమ్మాయి దారం పాడైందని భయపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకుని చూశాను. చూపుడువేలు అంచున గాజుపెంకు కోసిన పాత గాటు, దానిమీద కొత్త గాటు. రాత్రి పడుకునే ముందు చక్కెర, కొబ్బరినూనె కలిపి రుద్దుకోమని, పొద్దున సబ్బుతో శుభ్రంగా కడుక్కుని రమ్మని చెప్పాను. నూనె గుడ్డకు అంటితే మళ్లీ మరక. మగ్గం దగ్గర టాల్కం పౌడర్ డబ్బా పెట్టాం. చెమట పట్టకుండా, దారం జారేలా వేళ్లకు రాసుకుంటారు. మూడు వారాలకు చేతులు మెత్తబడ్డాయి. కానీ మధ్యాహ్నం మళ్లీ స్క్రాప్‌కు వెళ్లేవాళ్ల చేతులు మళ్లీ మామూలే. అందుకని వాళ్లకు మొదట సిల్క్ దారం ఇవ్వకుండా నూలు దారంతోనే కుట్టించాను.

భాష సంగతి మెల్లగా కుదిరింది. మన హిందీలో ప వచ్చేచోట వాళ్ల నోట ఫ వస్తుంది. పానీ అంటే ఫానీ. ఎక్, దుయి, తిన్ అని అంకెలు చెప్తుంటే కుట్లు లెక్కపెట్టడం నేనే వాళ్ల భాషలో నేర్చుకున్నాను. వాళ్లు సూది, దారం, బ్యాక్ నెక్, హ్యాండ్స్ అనడం నేర్చుకున్నారు. ఇప్పటికీ మా గదిలో ఒకే వాక్యంలో మూడు భాషలు ఉంటాయి.

కింది చెయ్యి మాత్రం ఎవరికీ పట్టుబడలేదు. పది రోజులైనా దారం తెగడం, ఉచ్చు జారిపోవడం, సూది గుడ్డను పట్టుకుని చించడం. మాటలతో చెప్పాను, వాళ్ల చెయ్యి పట్టుకుని చేయించాను. లాభం లేకపోయింది. ఒకరోజు మా షాపులో చున్నీకి తెచ్చిన నెట్ గుడ్డ చూసి ఆలోచన వచ్చింది. మామూలు గుడ్డ తీసేసి మగ్గానికి నెట్ బిగించాను. అడుగున ఉన్న నా చెయ్యి పైనుంచి స్పష్టంగా కనిపిస్తోంది. ఎర్ర దారం తీసుకుని చాలా నెమ్మదిగా ఒక్కో కుట్టు వేశాను. సూది దిగడం, దారం దాని మెడకు తగులుకోవడం, సూది తిరగడం, ఉచ్చు పైకి రావడం. ఎనిమిది తలలు మగ్గంమీదికి వంగాయి. బుగ్గలకు తనాకా రాసుకునే ఆ అమ్మాయి "ఓ!" అని ఒక్క అరుపు అరిచి నా చేతిలో సూది లాక్కుంది. మొదటి రోజే నెట్‌మీద జానెడు గొలుసు కుట్టేసింది. వారం తర్వాత మామూలు గుడ్డకు మారాం. ఇప్పుడు ఎవరు కొత్తగా వచ్చినా మొదటి వారం నెట్‌మీదే.

ఆ అమ్మాయికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. ఊరు వదిలి వచ్చేటప్పటికి పదమూడు. వాళ్ల ఊళ్లో పెళ్లికి ముందు దిండు గలీబులమీద ఆడపిల్లలు పువ్వులు కుట్టేవారని, తన అక్కకోసం కుట్టినవి ఇంటితోపాటే పోయాయని చెప్పింది. ఒక్కసారే చెప్పింది. నేను మళ్లీ అడగలేదు. వాళ్లెవరినీ నేను పాత సంగతులు తవ్వి అడగలేదు. చెప్పాలనిపించినప్పుడు, ఎక్కువగా తల వంచుకుని కుడుతున్నప్పుడు, వాళ్లే చెప్పేవారు. మగ్గం దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు, అందరి కళ్లూ గుడ్డమీదే ఉంటాయి. అందుకేనేమో అక్కడ మాటలు తేలిగ్గా వస్తాయి.

ఖాలాకు చూపు తక్కువ. సూది పని ఆమెవల్ల కాలేదు. ఇక రాననుకుంది. ట్రేసింగ్ పని ఇచ్చి చూశాను. ట్రేస్ పేపర్‌మీద గీసిన డిజైన్ వెంబడి గుండుసూదితో వరుసగా చిల్లులు పొడవాలి. తర్వాత కాగితాన్ని గుడ్డమీద పరిచి, కిరసనాయిల్‌లో కలిపిన పొడిని గుడ్డముక్కతో అద్దుతూ రుద్దాలి. ముదురు రంగు గుడ్డకు జింకు తెల్లపొడి, లేత రంగుకు నీలిమందు. కాగితం ఎత్తితే చుక్కలు చుక్కలుగా డిజైన్ గుడ్డమీద దిగి ఉంటుంది. మిశ్రమం పల్చనైతే గుడ్డంతా పాకుతుంది, చిక్కనైతే చిల్లుల్లోంచి దిగదు. ఖాలా చేతికి ఆ పాళ్లు మొదటి వారంలోనే వచ్చేశాయి. పొడవడం వేళ్ల స్పర్శతో చేస్తుంది. మా షాపులో ట్రేసింగ్ కూడా ఇప్పుడు ఆమెదే.

ఆరు నెలలకు అయిదుగురి చేతిపని బయట అమ్ముకునే స్థాయికి వచ్చింది. కానీ అప్పటికే భయం కూడా మొదలైంది. 2018 అక్టోబరులో అస్సాం నుంచి ఏడుగురు రోహింగ్యా మగవాళ్లను బర్మాకు పంపేశారు. ఆ వీడియోలు క్యాంపులో ప్రతి ఫోన్‌లోనూ తిరిగాయి. ఎవరి దగ్గర ఏ కాగితం ఉంది, అది ఎప్పటిదాకా చెల్లుతుంది, ఏ ఫారం నింపాలి, రోజూ ఇవే మాటలు. సూది చేతిలో ఉన్నా ధ్యాస ఉండేది కాదు. దేశంలో పలుచోట్లనుంచి కుటుంబాలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్ వెళ్లిపోవడం మొదలైంది. ఆ చలికాలంలో అలా వెళ్లినవాళ్లు వెయ్యికి పైనే.

2019 జనవరిలో ఒక సోమవారం ఆ అమ్మాయి రాలేదు. మంగళవారం కూడా రాలేదు. ఖాలా వచ్చి, వాళ్ల నాన్న కుటుంబాన్ని తీసుకుని వెళ్లిపోయాడని చెప్పింది. రాత్రికి రాత్రి. పోయేముందు నాకు చెప్పే వీలు లేకపోయి ఉంటుంది. మగ్గంమీద ఆమె మొదలుపెట్టిన నెమలి అలాగే ఉంది. మెడ, ఒంటి రెక్క అయ్యాయి, పింఛం మిగిలింది. ఆమె సూది గుడ్డకు గుచ్చి లేదు, తీసుకెళ్లినట్టుంది. అది పెళ్లికూతురి బ్లౌజు, నాలుగు రోజుల్లో ఇవ్వాలి. ఆ గుడ్డను తాకాలని ఎవరికీ అనిపించలేదు. కానీ పెళ్లి ఆగదు. ఇద్దరు చెరో పక్క కూర్చుని పింఛం కుట్టారు. ఆమె కుట్టు కాస్త వదులుగా, గుండ్రంగా ఉంటుంది. వీళ్లది బిగువు. మెడ దగ్గర ఎక్కడ చెయ్యి మారిందో నాకు తెలుస్తూనే ఉంది. బ్లౌజు తీసుకెళ్లినవాళ్లు చాలా బాగుందన్నారు. ఆమెకు రావాల్సిన పదిహేను రోజుల కూలి ఒక కవర్లో పెట్టి ఖాలాకు ఇచ్చాను. ఎవరి ద్వారానో రెండు నెలలకు చేరిందని చెప్పింది. కాక్స్‌బజార్‌లో ఉన్నారట. అంతకుమించి ఏమీ తెలియదు.

ఆర్డర్ల విషయంలో ఒక దెబ్బ తిన్నాం. నా షాపుకు వచ్చే పని అయిదుగురికి సరిపోదని, పెద్ద బొటిక్ ఒకదానితో మాట్లాడుకున్నాను. పది బ్లౌజులు ఇచ్చారు. నోటిమాటే, కాగితం లేదు, అడ్వాన్స్ లేదు. మావాళ్లు ఇరవై రోజులు రాత్రింబవళ్లు కష్టపడి కుట్టిచ్చారు. బొటిక్‌వాళ్లు రెండింటిమీద మరకలున్నాయని చెప్పి మొత్తం డబ్బులో సగమే ఇచ్చారు. ఆ మరకలు మా గదినుంచి బయల్దేరినప్పుడు లేవు, నేనే చూసి మడతపెట్టాను. ఎంత వాదించినా వినలేదు. చివరికి "వీళ్లు ఎక్కడివాళ్లో మాకు తెలుసులెండి" అన్నారు. ఆ మాటకు నాకు నోరు పడిపోయింది. ఎక్కువ మాట్లాడితే ఎవరు ఇబ్బందిలో పడతారో నాకు తెలుసు. మిగతా సగం నా దగ్గరనుంచి వేసి ఇచ్చాను, అది చాలాకాలం లోటుగానే ఉండిపోయింది. అప్పటినుంచి అడ్వాన్స్ సగం చేతిలో పడితేనే ట్రేసింగ్ మొదలవుతుంది. ఇచ్చేటప్పుడు కస్టమర్ ముందే గుడ్డ తిప్పి చూపించి ఫొటో తీసుకుంటాం.

లెక్కల పుస్తకం పెట్టింది కూడా ఆ తర్వాతే. ఒక్కో బ్లౌజుకు ఒక్కో పేజీ. కస్టమర్ ఎంత ఇచ్చారు, సామానుకు ఎంత, కుట్టినవాళ్లు ఎవరు, ఎన్ని గంటలు, ఎవరికి ఎంత. గదిలో ఎవరైనా తీసి చూడొచ్చు. ఈ పనిలో మామూలుగా పనివాళ్లకు బ్లౌజు ఎంతకు అమ్మారో చెప్పరు. షాపులో ఆరువేలకు పోయిన బ్లౌజుకు కుట్టినవాడి చేతికి ఏ వెయ్యో పన్నెండొందలో వచ్చిన సందర్భాలు నేనే చూశాను, నేర్చుకునే రోజుల్లో అనుభవించాను. నా గదిలో అలా జరగకూడదనుకున్నాను.

పుస్తకం పెట్టినా వాళ్లలో చాలామంది చూసేవారు కాదు. ముఖ్యంగా ఒకామె. ఇద్దరు పిల్లల తల్లి, భర్త లేడు. మొదటి కూలి ఇచ్చిన రోజు నోట్లు లెక్కపెట్టుకోమంటే తల అడ్డంగా ఊపి, మడత విప్పకుండానే దోపుకుంది. "మీరిచ్చింది చాలు" అనేది ప్రతిసారీ. ఎంత ఇచ్చినా అదే మాట. అది నామీద నమ్మకమని కొన్నాళ్లు అనుకున్నాను. ఇచ్చినంత తీసుకోవడం తప్ప అడగడమనేదే ఆమె ఎరగదని తర్వాత అర్థమైంది. పుస్తకంలో వేలిముద్ర వేసేది. పిల్లలతోపాటు టీచరమ్మ దగ్గర కూర్చుని, ఏడాదిన్నరకు ఉర్దూలో పేరు రాయడం, కూడికలు నేర్చుకుంది.

మగ్గం పని పంచాంగంతో నడుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే ఊపిరాడదు. ఆషాఢంలో, మూఢం వచ్చినప్పుడు చేతులు ఖాళీ. ఇది వాళ్లకు మొదట్లో వింతగా ఉండేది. ఇప్పుడు ఉగాదికి ముందే "ఈసారి మూఢం ఎన్నాళ్లు ఆపా?" అని అడుగుతారు. అడగాల్సిందే మరి, ఆ నెలల్లో ఇల్లు గడవడానికి ముందునుంచీ దాచుకోవాలి. ఖాళీ నెలల్లో సాదా కుర్తాలమీద పని చేసి పెట్టుకుంటే రంజాన్‌కు పాతబస్తీలో పోతాయి. అది వాళ్లకు వచ్చిన ఆలోచన, నాకు తట్టింది కాదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లిళ్లు ఆగిపోయాయి. అడ్వాన్సులు ఇచ్చినవాళ్లు వెనక్కి అడిగారు. రెండు నెలలు గది తాళం వేసే ఉంది. ఆ రోజుల గురించి పెద్దగా రాయలేను. టీచరమ్మ, ఆవిడ స్నేహితులు బియ్యం, పప్పులు అందించారు. మా షాపు పాత మిషన్లు రెండు క్యాంపుకు పంపితే మాస్కులు కుట్టారు. గది అద్దె ముసలాయన నాలుగు నెలలు అడగలేదు. మళ్లీ మగ్గాలు ఎత్తి గుడ్డ బిగించేసరికి ఎనిమిది మందిలో నలుగురు మిగిలారు.

ఇప్పుడు ఇంకో పోటీ ఉంది. కంప్యూటర్ వర్క్. మిషన్ గంటల్లో కుట్టేస్తుంది, ధర తక్కువ. ఉత్త దారపు పువ్వులు, తీగలు కావాలనేవాళ్లు అటే వెళ్తున్నారు. దాంతో ధరలో పోటీపడటం మావల్ల కాదు. అందుకే దారం పని తగ్గించి జర్దోసీ, కట్‌దానా, లోడ్ వర్క్ వైపు వెళ్లాం. జర్దోసీ స్ప్రింగును కొలత ప్రకారం ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ పూసలా సూదికి ఎక్కించి కుట్టాలి. లోడ్‌లో అడుగున దారం మెత్తగా దట్టించి, దానిమీద ముక్కను వంచి కూర్చోబెడితే పువ్వు ఉబ్బెత్తుగా లేస్తుంది. చేత్తో చేసిందే వేరని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. పెళ్లి బ్లౌజుకు వాళ్లు మా దగ్గరికే వస్తారు.

2024 వేసవిలో మూఢం వచ్చి మే, జూన్‌లలో ముహూర్తాలే లేకుండా పోయాయి. శ్రావణంలో అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. గదిలో ఏడుగురు ఉన్నారు అప్పటికి, ముగ్గురు కొత్తవాళ్లు నెట్‌మీద. ఒక పెళ్లికూతురి బ్లౌజు, హ్యాండ్స్ నిండా ఏనుగులు, జర్దోసీ లోడ్. ఆ ఇద్దరు పిల్లల తల్లి చేసింది. ఇచ్చే రోజు పుస్తకం తీసి 41 గంటలని రాసి, రేటు వేసి, డబ్బు ఆమె ముందు పెట్టాను.

ఆమె డబ్బు తీసుకోలేదు. పుస్తకం తన వైపు తిప్పుకుని వేలితో వరుస వెంబడి చూసింది.

"ఆపా, ఊడదీసి మళ్లీ కుట్టినది రాయలేదు" అంది.

నిజమే. పని సగమయ్యాక కస్టమర్ ఫోన్ చేసి తొండాలు పైకి ఉండాలన్నారు. ఒక చెయ్యి మొత్తం ఊడదీసి మళ్లీ కుట్టింది. మా తప్పయితే లెక్కలోకి రాదు. ఇది మా తప్పు కాదు. హడావిడిలో నేను మర్చిపోయాను.

"ఎన్ని గంటలు?"

"అయిదు. పగలు మూడు, రాత్రి రెండు. ఖాలాను అడగండి."

ఖాలా అవతలనుంచి అవునంది. నేను కస్టమర్‌కు ఫోన్ చేసి, మార్చినందుకు అదనంగా ఎంతవుతుందో చెప్పాను. ఒక నిమిషం గునిసి ఒప్పుకున్నారు. 41 కొట్టేసి 46 అని రాశాను. ఆమె కూడిక తన వేళ్లమీద మళ్లీ ఒకసారి చేసుకుని, నోట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, పెన్ను తీసుకుని కుడినుంచి ఎడమకు తన పేరు రాసింది.